గేటు పెట్టిన నీడ

మా అన్నకి డాక్టర్లు కొలిచి ఇచ్చిన నీళ్ళు రోజుకి ఒక సీసా. మందు మింగడానికీ, మజ్జిగలోకీ, నోరు తడుపుకోవడానికీ అన్నిటికీ కలిపి అదే. పాడైన కిడ్నీలు నీటిని బయటికి పంపలేవు. తాగింది ఒంట్లోనే నిలిచిపోయి కాళ్ళు ఉబ్బుతాయి, ఊపిరాడదు. ఉద్దానంలో ఇలా సీసా పట్టుకుని తిరిగేవాళ్ళు ఊరూరా ఉన్నారు కాబట్టి దాన్ని ఎవరూ వింతగా చూడరు. ఒకప్పుడు కొబ్బరిచెట్టు దిగీదిగగానే చెంబెడు నీళ్ళు గటగటా తాగే మనిషి, ఇప్పుడు మూతతో కొలుచుకుని గుక్క గుక్కగా తాగుతున్నాడు.

వారానికి మూడుసార్లు అన్న మా పట్నం ఆసుపత్రికి డయాలసిస్‌కి వచ్చేవాడు. వాళ్ళ ఊరి నుంచి, దారిలో మరో రెండూళ్ళ నుంచి, రోగులంతా కలిసి ఒకే ఆటోలో దిగేవారు. ఒకరి పని ముందు అయిపోయినా మిగతావాళ్ళకి అయ్యేదాకా ఆటో కదలదు. అందుచేత యంత్రం మీద పడుకునే గంటలు కొన్నయితే, బయట ఎదురుచూసే గంటలు మరికొన్ని. ఆ ఎదురుచూసే గంటలు సరిగ్గా మిట్టమధ్యాహ్నం పడేవి.

నేను ఆ పట్నంలో వార్డు కౌన్సిలర్ని. వార్డు మహిళలకి రిజర్వు కావడంతో మా వీధివాళ్ళూ, మా బాప్టిస్టు సంఘంవాళ్ళూ కలిసి నన్ను నిలబెట్టారు. అంతకుముందు ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. ఇప్పుడూ కుడుతున్నాను. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివే అలవాటుంది కాబట్టి నలుగురి ముందు మాట్లాడడానికి బెదరను. అంతకుమించి నాకు తెలిసిన రాజకీయం లేదు.

మా ఇల్లు ఆసుపత్రికి ఎంతో దూరం లేదు. అయినా అన్న మా ఇంటికి వచ్చేవాడు కాదు. మొదట్లో నాకు కష్టం తోచింది. వదిన ఏమైనా అనుకుంటుందనా, నా భర్త దగ్గర మొహమాటమా అని పరిపరివిధాల అనుకున్నాను. ఒకరోజు కారియరు పట్టుకుని నేనే వెళ్ళాను. అన్న ఆసుపత్రి పక్కనున్న పాత క్వార్టర్ల స్థలంలో తువ్వాలు పరుచుకుని పడుకుని ఉన్నాడు.

"సొంత సెల్లి ఇల్లు ఉండగా ఈ తుప్పల్లో పడుకోడమేటి అన్నియ్యా?" అన్నాను.

"కోపమొచ్చీసినాదా? మీది రేకులిల్లు కదే సెల్లీ. మిట్టమద్దినం అందులో కూకుంటే నాలిక పీక్కుపోతాది. ఇక్కడ అంత దావమెయ్యదు. ఈ సెట్లకింద తొంగున్న రోజున నా సీసాలో నీల్లు ఇంకా మిగులుతాయి, సూడు," అని సీసా ఎత్తి చూపించాడు.

నేనూ కాసేపు కూర్చున్నాను. అప్పటిదాకా ఆ స్థలాన్ని రోడ్డు మీద నుంచి చూడడమే తప్ప లోపలికి అడుగుపెట్టలేదు. ఎప్పుడో ఉద్యోగులకి కట్టిన క్వార్టర్లు పడిపోయాయి. వాళ్ళు పెరట్లో వేసుకున్న చెట్లు మాత్రం తుఫానుకి కొన్ని పోగా మిగిలినవి పెరిగి ఒకదాంతో ఒకటి కలిసిపోయాయి. కానుగలు, వేపలు, ఒక నేరేడు, అన్నిటినీ కప్పుతూ పెద్ద నిద్రగన్నేరు. మధ్యలో పల్లం ఉంది. వానాకాలంలో అందులో నిలిచిన నీరు ఎండాకాలం నడిమి దాకా చెమ్మగానే ఉండేది. నేలంతా మెత్తటి ఆకుపొర. రోడ్డు మీద తారు కాలుతున్నా అక్కడ మాత్రం ఒంటికి చల్లగా తగిలింది.

చెట్టుకొకరు చొప్పున పడుకుని ఉన్నారు. భావనపాడు నుంచి భర్తని తీసుకొచ్చే ఒకామె గుడ్డ తడిపి అతని అరికాళ్ళకి అద్దుతోంది. అతను సముద్రం మీదికి వెళ్ళే మనిషి. జబ్బు పడ్డాక పడవ తమ్ముళ్ళకి అప్పగించాడట. ఇంటి భారం ఆమె మీద పడింది. చేపలమ్ముకుని వచ్చి, భర్తని ఆటో ఎక్కించి, సాయంత్రం మళ్ళీ బుట్ట ఎత్తుకునేది. ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా ఆమెతో మాట్లాడేదాన్ని. వరసకి వదినా అనేదాన్ని.

ఆ ఏడాది బడ్జెట్టు సమావేశంలో ఆ స్థలం చర్చకి వచ్చింది. ఎజెండాలో దాన్ని 'ఆసుపత్రి పక్క ఖాళీ స్థలం' అని రాశారు. అక్కడ షాపులు కట్టి అద్దెకివ్వాలని ప్రతిపాదన. అందులో దుర్మార్గమేమీ లేదు. పారిశుధ్యం వాళ్ళ జీతాలు ఆలస్యమవుతున్నాయి, వీధి దీపాలకి సొమ్ము లేదు, రాబడి పెరగకపోతే పట్నం నడవదు. చైర్మన్ గారు అదే చెప్పారు. నాకూ అది కాదనిపించలేదు. కానీ ఖాళీ అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది.

"అది ఖాళీ కాదండి," అని లేచాను.

"ఏముందమ్మా అక్కడ? తుప్పలు, పాములు."

"చెట్లున్నాయి. చెట్లకింద డయాలసిస్ మనుషులున్నారు."

"ఉద్దానం వాళ్ళు కదమ్మా. మన పట్నం వాళ్ళు కాదు. మనం పన్నులు కట్టేవాళ్ళకి జవాబు చెప్పుకోవాలి కదా!"

ఆ మాటకి ఒకరిద్దరు తలూపారు. మా అన్న సంగతి చెప్పాను. దాహం అంటే ఏమిటో, రేకుల కింద కూర్చుంటే ఏమవుతుందో, నీడలో పడుకుంటే ఆ సీసా సాయంత్రం దాకా ఎలా వస్తుందో చెప్పాను. "ఆళ్ళకి మనం మంచినీళ్ళ కుళాయి పెట్టినా తాగలేరండి. ఆళ్ళకి మనం ఇవ్వగలిగిన నీళ్ళు ఆ నీడే," అన్నాను. అక్కడితో కూర్చున్నాను.

వెనక వరసలో ఎప్పుడూ నోరు విప్పని ఒక కౌన్సిలరు, "మా పెదమావ కూడా అక్కడే కూకుంతాడు," అన్నాడు. ఉద్దానంలో చుట్టరికం లేని ఇల్లు మా పట్నంలో దొరకదు. ఆ ఒక్క మాటతో గాలి మారింది. చైర్మన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సరేనమ్మా, షాపులొద్దు. పార్కు పెడదాం. పార్కులకి పద్దు ఉంది. సంతోషమేనా?"

సంతోషమే. చేతులు జోడించి దండం పెట్టాను. ఆ సాయంత్రం అన్నకి ఫోను చేసి చెబితే, "నీ కడుపు సల్లగుండ! అయితే ఇంక ఆటిని ఎవులూ కొట్టరన్నమాట," అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

పనులు మొదలయ్యేముందు మా మునిసిపల్ ఇంజనీరు గారిని ఆఫీసు మెట్ల దగ్గర కలిశాను. కుర్రాడు, మంచివాడు, మర్యాదగా మాట్లాడతాడు. చెట్లకి ఏం చేస్తారని అడిగాను.

"చెట్లకి ఏమీ చెయ్యలేం మేడం. మా రేట్ల పుస్తకంలో గోడకి రేటుంది, టైల్సుకి రేటుంది, గేటుకి, బెంచీకి, లైటుకి రేటుంది. బతికున్న చెట్టుకి రేటు లేదు. పడిపోతే కట్టెకుంది. రేటు లేనిదాన్ని ఎస్టిమేటులో ఎలా రాయను?"

"రాయకపోతే పోనీ, ఉన్నవి ఉన్నట్టు ఉంచండి చాలు."

"ఉన్నది ఉన్నట్టు ఉంచితే పని జరిగినట్టు కాదు కదా మేడం! ఆడిట్లో ఏం చూపించను?"

అతను వేళాకోళం ఆడడం లేదు. నిజంగానే అడిగాడు.

జేసీబీ వచ్చి ముందు తుప్పల్ని లాగేసింది. ఆకుపొరంతా చెత్తబండికెక్కింది. పల్లంలో గ్రావెలు పోసి రోలరుతో తొక్కించారు. గోడ పునాది కోసం చుట్టూ కందకం తవ్వుతుంటే నిద్రగన్నేరు వేళ్ళు అడ్డొచ్చాయి. నా మణికట్టంత లావున్నవి, తొడంత లావున్నవి. కూలీలు గొడ్డళ్ళతో నరుకుతుంటే నేను చూశాను, ఆపమన్నాను. పని ఆగింది. ఇంజనీరు వచ్చి, గోడని పక్కకి జరిపితే కొలత తప్పుతుందనీ, పక్కది ప్రైవేటు స్థలమనీ చూపించాడు. మళ్ళీ మొదలైంది. టైల్సు వేసేటప్పుడు ప్రతి చెట్టు మొదలుకీ కాస్త మట్టి వదలమని పట్టుబట్టాను. జానెడు వెడల్పున వదిలారు. దానికీ సిమెంటు అంచు కట్టారు.

పని జరిగినన్నాళ్ళూ రోగులు ఎక్కడ దొరికితే అక్కడ కూర్చున్నారు. ఆసుపత్రి వరండా వాళ్ళని కొంతవరకే పట్టింది. మిగతావాళ్ళు ఎదుటి మందుల షాపు మెట్ల మీద, ఆటోలోనే కాళ్ళు ముడుచుకుని, ఎండ తిరిగిన కొద్దీ తామూ జరుగుతూ గడిపారు. అన్న మాత్రం మా ఇంటికి వచ్చాడు. ఫ్యాను కింద కూర్చోబెట్టి కిటికీకి తడిపిన చీర వేలాడదీశాను. అయినా మధ్యాహ్నానికే సీసా ఖాళీ. పెదాలు నాలుకతో తడుపుకుంటూ గోడకేసి చూసేవాడు. అతని ఎదుట నీళ్ళు తాగడం మానేశాం.

"పార్కు అయిపోనీ అన్నియ్యా, మళ్ళీ అక్కడే తొంగుందువు గాని," అనేదాన్ని.

పార్కు ప్రారంభానికి నాకు శాలువా కప్పారు. కమాను, రంగు రంగుల టైల్సు, నడవడానికి బాట, మధ్యలో పల్లం ఉన్నచోట ఫైబరు జింకలు రెండు. జనం బాగా వచ్చారు. పిల్లలు జింకల మీదెక్కి ఫొటోలు దిగారు. మా వీధి ఆడవాళ్ళు నన్ను మెచ్చుకున్నారు. పట్నంలో కూర్చోడానికి ఒక చోటు ఏర్పడిందని నేనూ లోపల పొంగిపోయాను.

రెండోరోజు మధ్యాహ్నం అన్నకి కారియరు పట్టుకెళ్ళేసరికి గేటుకి తాళం. బోర్డు చూస్తే పొద్దున్నా సాయంత్రమూ మాత్రమే తెరుస్తారని ఉంది. భావనపాడు వదిన గేటు బయట, కమాను స్తంభం వేసిన కాస్త నీడలో, భర్త తలని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మా అన్న అవతలి పక్కన. నన్ను చూసి ఆమె లేవలేదు.

"ఏటి కౌన్సిలరమ్మా, ఇదేనా నువ్వు తెచ్చిన పార్కు? అప్పుడు గేటు నేదు, గోడ నేదు, ఎవులూ మమ్మల్ని ఆపనేదు. మాకు నువ్వు సేసిన మేలేటి సెప్పు."

"తీయిస్తాను వదినా, ఇప్పుడే..."

"నీ వదిన్ని కాను నాను," అంది.

అన్న ఆమె మాటకి అడ్డురాలేదు. నన్ను వెనకేసుకురాలేదు. కారియరు అందుకుని, "నువ్వెళ్ళు సెల్లీ, ఎండ," అని మాత్రం అన్నాడు. ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ గేటు తీయించడానికి ఆ వేసవంతా పట్టింది. పొద్దున్న నడకకి వచ్చే పెద్దమనుషులు ఒప్పుకోలేదు. వాళ్ళలో మా సంఘం పెద్దలూ ఉన్నారు. రోగులొస్తే చాపలు పరుస్తారు, అన్నాలు తింటారు, వాంతులు చేసుకుంటారు, టైల్సు పాడవుతాయి అన్నారు. ఒకాయన, "ఆసుపత్రిలో వెయిటింగ్ హాలు కట్టమని అడగాలి గానీ పార్కులో పడుకోవడమేమిటమ్మా?" అన్నాడు. అందులో న్యాయం లేకపోలేదు. కానీ అడిగినా అది ఎప్పటికి కట్టేరు? నేను చైర్మన్ గారి ఇంటికి తిరిగాను, కమిషనర్ గారి గదిలో కూర్చున్నాను, సమావేశంలో మళ్ళీ లేచాను. ఎట్టకేలకి మధ్యాహ్నం కూడా తెరవాలని తీర్మానం చేశారు.

ఈలోగానే అన్నకి ముప్పు వచ్చింది. గేటు తెరవక మళ్ళీ మా ఇంట్లోనే ఉన్న ఒక మధ్యాహ్నం, నేను మిషను దగ్గర ఉండగా, వంటింట్లోకి వెళ్ళి కుండలో చెంబు ముంచి తాగేశాడు. ఎంత తాగాడో తెలియదు. సాయంత్రానికి పడుకోలేకపోయాడు, పడుకుంటే ఊపిరాడలేదు. గబగబా ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నీరు తీసేదాకా కూర్చునే ఆయాసపడ్డాడు. తేరుకున్నాక, ఊరి నుంచి పరుగున వచ్చిన అన్న భార్య కేకలేస్తుంటే నవ్వడానికి ప్రయత్నించాడు.

"ఓలమ్మో, ఎంత సల్లగున్నాయో ఆ నీల్లు," అన్నాడు.

గేటు తెరిచాక రోగులు మళ్ళీ లోపలికి వచ్చారు. వచ్చినవాళ్ళు టైల్సు మీద చెయ్యి పెట్టి చూసుకుని, పక్కకి జరిగి కూర్చున్నారు. కింద నుంచి సెగ. పై నుంచి నీడ కూడా మునుపటిలా లేదు. నేరేడు ఆ ఎండాకాలానికే మోడయింది. వేపల కొనకొమ్మలు ఎండుతూ వచ్చాయి. నిద్రగన్నేరు ఆకు పలచబడింది. ఎందుకో నాకు తెలుసు, ఇంజనీరుకీ తెలుసు. చెమ్మ పట్టే పల్లం పూడ్చేశాం, వేళ్ళు నరికేశాం, మట్టి నోరు మూసేశాం.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం పెద్దగాలి వీచింది. తుఫానూ కాదు, మామూలు గాలే. నిద్రగన్నేరు గోడ వైపు నుంచి వేళ్ళతో సహా లేచి, జింకల మీదుగా పడిపోయింది. అదృష్టం, వాన అని అప్పటికే జనం వెళ్ళిపోయారు. మర్నాడు చూడ్డానికి పట్నమంతా వచ్చింది. గోడ వైపు వేళ్ళన్నీ గొడ్డలివేటు దగ్గర కుళ్ళి ఉన్నాయి. కొన్నాళ్ళకి ఆ దుంగల్ని వేలం వేశారు. వేలం దగ్గర ఇంజనీరు నా వైపు చూడలేకపోయాడు. చైర్మన్ గారు మాత్రం రాబడి పద్దులో అదొకటి కలిసిందని సమావేశంలో చదివించారు.

ఆ సమావేశం అయ్యాక ఇంజనీరు గారే నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, ఒక మార్గం ఉంది. మరమ్మతులకి పద్దు ఉంటుంది. చెట్ల చుట్టూ టైల్సు పాడయ్యాయని రాసి తీయించేస్తాను. మళ్ళీ వెయ్యడం నా ఇష్టం. వెయ్యను."

అలాగే తీయించాడు. మిగిలిన కానుగల చుట్టూ, బతికిన రెండు వేపల చుట్టూ టైల్సు పీకేసి గ్రావెలు తవ్వించాడు. ఊడ్చిన ఆకుని బండికెక్కించకుండా అక్కడే పోయమని తోటపని ఆమెకి చెప్పాను. పైవాళ్ళు తిడతారని మొదట భయపడింది, తర్వాత పోసింది. పార్కు అసహ్యంగా ఉందని నడక పెద్దలు ఫిర్యాదు చేశారు. ఒకరోజు చూస్తే భావనపాడు వదిన కారియరు కడిగిన నీళ్ళు కానుగ మొదట్లో పోస్తోంది. నేను పలకరించాను. "ఊఁ," అంది. అంతవరకే. ఆమె భర్త ఆ చలికాలంలో చనిపోయాడు. తర్వాత ఆమె మా పట్నం రాలేదు. మూలపేట వైపు కూతురి దగ్గరికి వెళ్ళిందని ఆటో అతను చెప్పాడు.

అన్న ఇంకా వస్తున్నాడు. నడక తగ్గింది. కానుగల కింద ఇప్పుడు మనుషులు ఎక్కువ, చోటు తక్కువ. కొత్తగా జబ్బుపడినవాళ్ళు వస్తే అతనే లేచి చోటిచ్చి, ఆటోలో కూర్చుంటున్నాడు.

మొన్న మళ్ళీ బడ్జెట్టు సమావేశం జరిగింది. టెక్కలి రోడ్డు వైపు మా పట్నం మురుగూ వాననీరూ కలిసి దిగే గెడ్డ ఒకటుంది, చిన్న వాగులాంటిది. గట్టు పొడవునా మొగలిపొదలు, తుంగ, కొంగలు. వానలప్పుడు మా నాలుగు వార్డుల నీరు అందులోకే పోతుంది. దాని మీద శ్లాబు వేసి వాహనాలు నిలిపే స్థలం చేద్దామని ప్రతిపాదన వచ్చింది. నేను లేచి నిలబడగానే చైర్మన్ గారు నవ్వారు.

"తెలుసమ్మా, మీరు లేస్తారని. అక్కడ కూడా పార్కు పెట్టమంటారా?"

"వద్దండి!" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినపడింది.

"పార్కూ వద్దు, శ్లాబూ వద్దంటే ఎలాగమ్మా? మరి ఏం చెయ్యాలంటారు?"

"పూడిక తీయించండి. గట్టు మీద చెత్త పొయ్యకుండా ఒక మనిషిని పెట్టండి. ఇంకేమీ చెయ్యొద్దు."

"ఏమీ చెయ్యకపోవడానికి సొమ్ము ఏ పద్దులో రాయమంటారమ్మా?"

కొందరు నవ్వారు. వెనక వరస కౌన్సిలరు నవ్వలేదు, మాట్లాడనూ లేదు. ఇంజనీరు తల వంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. వానొస్తే ఆ నాలుగు వార్డుల ఇళ్ళలోకి నీళ్ళెలా వస్తాయో చెప్పాను. నిద్రగన్నేరు సంగతి చెప్పాను. ఈసారి విన్నవాళ్ళ మొహాల్లో ఏమీ కదలలేదు. మా వార్డు నుంచి వచ్చిన ఆటోవాళ్ళు హాలు గుమ్మంలో నిలబడి ఉన్నారు. బళ్ళు పెట్టుకోడానికి చోటు కావాలని అర్జీ ఇచ్చింది వాళ్ళే. నాకు ఓటేసినవాళ్ళు. డయాలసిస్ మనుషుల్ని తెచ్చే ఆటో అతను కూడా వాళ్ళలో ఉన్నాడు. నా వైపు చూసి తల తిప్పుకున్నాడు.

ప్రతిపాదనని వచ్చే సమావేశానికి వాయిదా వేశారు. తోసిపుచ్చలేదు, ఒప్పుకోలేదు.

బయటికి వచ్చేసరికి ఎండ మండిపోతోంది. ఆటోవాళ్ళు నా కోసమే ఆగారు. "ఏటక్కా, మా మీద పగా?" అన్నాడు ఆ ఆటో అతను. "మరి మేము బళ్ళెక్కడ పెట్టుకోవాల? పోలీసోళ్ళు నిలబడనివ్వరు. పొద్దల్లా ఎండలోనే కదా మేవూను."

వాళ్ళతో మాట్లాడుతూ నిలబడ్డాను. పాత సంత వెనక స్థలం గురించి అడిగాను. అక్కడికి బేరాలు రావన్నారు. గెడ్డ పూడిస్తే మీ ఇళ్ళలోకే కదా నీళ్ళొస్తాయన్నాను. వానలు ఎప్పుడో కదక్కా అన్నారు. ఎవరమూ ఎవరినీ ఒప్పించలేకపోయాం. చివరికి అతను, "మీ అన్నోళ్ళని ఎక్కించుకునే టైమవుతోంది, ఎక్కక్కా, ఆసుపత్రి కాడ దింపుతాను," అన్నాడు. ఎక్కాను. ఆసుపత్రి దగ్గర అతను పార్కు గోడ వేసిన కాస్త నీడ వెతుక్కుని బండి ఆపాడు.